యేసుకు మన బాధ తెలుసని పిల్లలకు ఎలా బోధించాలి?

ఎనిమిది నుండి పదేళ్ల వయసున్న పిల్లలకు సండే స్కూల్‌లో పాఠాలు చెబుతున్నారనీ, "యేసు దేవుడు కదా, ఆయనకు నొప్పి ఎలా తెలుస్తుంది?" అని ఒక బాలుడు అడిగాడనీ, "ఆయన మనిషిగా కూడా పుట్టాడు" అని మీరిచ్చిన జవాబుతో వాడికి తృప్తి కలగలేదనీ రాశారు. యేసు మనుష్య జీవితాన్ని స్వయంగా అనుభవించి ఎరిగినవాడని ఈ వయసు పిల్లలకు నమ్మకం కలిగేలా ఎలా చెప్పాలన్నది మీ ప్రశ్న. చాలా ఏళ్లుగా పిల్లలకు బోధిస్తూ, బోధించేవారికి తర్ఫీదు ఇస్తూ వచ్చినందువల్ల ఈ విషయంలో నాకు కొన్ని స్థిరమైన అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వాటిని కొంత వివరంగా రాస్తున్నాను.

పాఠం సంగతి ఆలోచించే ముందు ఆ బాలుడితో విడిగా కాసేపు మాట్లాడండి. ఇలాంటి ప్రశ్న కొందరు పిల్లలకు కేవలం కుతూహలం వల్ల పుడుతుంది. మరికొందరికి ఇంట్లో ఎవరో జబ్బుపడినందువల్లో, బడిలో తోటివారు ఏడిపిస్తున్నందువల్లో, ఎవరికీ చెప్పుకోలేని భయం ఏదో ఉన్నందువల్లో పుడుతుంది. "నొప్పి అన్నావు కదా, ఏ నొప్పి గురించి అడిగావు?" అని నెమ్మదిగా అడిగితే చాలు, చాలామంది పిల్లలు చెబుతారు. కుతూహలంతో అడిగినవాడికి ఇచ్చే జవాబూ, కష్టంలో ఉండి అడిగినవాడికి ఇచ్చే జవాబూ ఒక్కటి కావు. రెండోవాడికి ముందుగా కావలసింది తన మాట శ్రద్ధగా వినే పెద్ద మనిషి.

ఇక ఆ సందేహం ఎందుకు వస్తుందో చూద్దాం. మనం పిల్లలకు ఎక్కువగా చెప్పే కథలను ఒక్కసారి గుర్తుచేసుకోండి: నీళ్లు ద్రాక్షారసంగా మారడం, ఐదు రొట్టెలతో ఐదు వేలమంది తృప్తిగా తినడం, సముద్రం మీద నడవడం, తుఫాను ఆగిపోవడం, చనిపోయిన లాజరు సమాధిలోనుండి లేచి రావడం. ఇవన్నీ చెప్పవలసిన కథలే. అయితే నాలుగేళ్ల పాటు ఇవే వింటూ పెరిగిన పిల్లవాడికి యేసు అంటే ఏ ఇబ్బంది వచ్చినా చేయి చాపి దాటిపోగల శక్తిమంతుడు అనే రూపమే మనసులో నిలుస్తుంది. బొమ్మల బైబిళ్లు కూడా దీనికి తోడవుతాయి. రోజుల తరబడి కాలినడకన తిరిగిన మనిషి అంగీ మీద ఒక్క దుమ్ము మరక కూడా ఆ బొమ్మల్లో కనబడదు. అలాంటి రూపం స్థిరపడిన తరువాత ఒక ఆదివారం మనం హఠాత్తుగా "యేసు నిన్ను అర్థం చేసుకుంటాడు" అంటే, ఆ మాటకు పిల్లవాడి జ్ఞాపకంలో ఆధారమేదీ దొరకదు. మీ బాలుడు అడిగినది అవిశ్వాసపు ప్రశ్న కాదు. తనకు ఇంతవరకు చెప్పిన కథల నుండి వాడు న్యాయంగానే తీసిన ముగింపు అది.

కాబట్టి నా సలహా కొత్త పాఠాలు వెతకమని కాదు. వాళ్లకు తెలిసిన కథలనే, అద్భుతం జరగడానికి ముందున్న ఘట్టం దగ్గర ఆగి చెప్పండి. యేసు ఆకలి, అలసట, కన్నీళ్లు, భయం దాదాపు ఎప్పుడూ ఆ ముందు ఘట్టంలోనే ఉంటాయి. అద్భుతాన్ని చేరాలన్న తొందరలో మనం వాటిని దాటవేస్తుంటాం.

పద్ధతికి వెళ్లే ముందు బోధించేవారి మనసులో ఒక విషయం స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే మనం తడబడిన చోటును పిల్లలు వెంటనే పట్టేస్తారు. యేసు మనిషిలా కనిపించిన దేవుడు కాడు. మనిషి వేషం వేసుకున్న దేవుడూ కాడు. ఆయన శరీరం నిజమైన శరీరం కాదనీ, అలా కనబడిందంతేననీ చెప్పేవారు తొలినాళ్లలోనే ఉన్నారు. అందుకే యోహాను తన మొదటి పత్రికలో, యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవడాన్నే సత్యానికి గీటురాయిగా పెట్టాడు. నాలుగవ శతాబ్దంలో అపొలినారిస్ అనే బిషప్, యేసుకు శరీరం మనుష్యులదే గాని మనుష్య మనసు స్థానంలో దైవవాక్యమే (అంటే దైవకుమారుడే) ఉందని బోధించాడు. ఆ బోధను 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన సంఘ పెద్దల సభ తిరస్కరించింది. 451లో కల్కెదోను సభ ఆయన దైవత్వంలో సంపూర్ణుడు, మానవత్వంలోనూ సంపూర్ణుడు అని ప్రకటించి, పాపం తప్ప అన్నిటిలోను మనవంటివాడేనని కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక మాటను అక్కడ చేర్చింది. ఈ పేర్లు, సంవత్సరాలు పిల్లలకు అవసరం లేదు. మీకు మాత్రం అవసరం, ఎందుకంటే పిల్లల్లో ఎక్కువమంది తమకు తెలియకుండానే అపొలినారిస్ చెప్పినట్టే ఊహించుకుంటారు: పైకి మనిషి ఒళ్లు, లోపల ఏదీ తాకని దేవుడు. అలాంటి యేసుకు గాయమైతే రక్తం కారుతుంది గాని భయం వేయదు. మీ బాలుడి సందేహం సరిగ్గా అక్కడే ఉంది.

ఇంకొక ప్రశ్నకు కూడా సిద్ధంగా ఉండండి. "దేవునికి అన్నీ తెలుసు కదా, మరి మనిషిగా పుట్టి తెలుసుకోవలసిన అవసరం ఏమిటి?" అని పదేళ్లు దాటిన పిల్లలు తప్పక అడుగుతారు. దేవునికి అంతకుముందు మన బాధ తెలియదని చెప్పకండి. మన హృదయాలను పరిశోధించి తెలుసుకొనేవాడని కీర్తనలు చెబుతూనే ఉన్నాయి. తెలియడం ఒకటి, దాని గుండా వెళ్లడం ఇంకొకటి అన్న తేడాను మాత్రం చూపించండి. ఈత గురించి పుస్తకంలో ఎంత చదివినా, నీళ్లలో దిగినవాడు చెప్పే మాట వేరుగా ఉంటుందని అంటే పిల్లలకు వెంటనే అందుతుంది. హెబ్రీ పత్రిక రెండవ అధ్యాయం అన్ని విషయాలలో ఆయన తన సహోదరుల వంటివాడు కావలసి వచ్చిందని, తాను శోధింపబడి శ్రమ పొందాడు గనుక శోధింపబడేవారికి సహాయం చేయగలడని చెబుతుంది. అయిదవ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్లి, ఆయన కుమారుడై ఉండికూడా తాను పొందిన శ్రమల వలన విధేయత నేర్చుకొన్నాడని అంటుంది. ఆ మాటను పెద్దలమే పూర్తిగా జీర్ణించుకోలేం. పిల్లల ముందు దాన్ని విప్పి చెప్పే ప్రయత్నం చేయకుండా, ఉన్నది ఉన్నట్టు చదివి వదిలిపెట్టడం మంచిది.

ఇప్పుడు పాఠాలు. శరీరంతో మొదలుపెట్టండి. చిన్నవారికి మనసులోని బాధ కంటే ఒంటికి తెలిసే అలసట, ఆకలి, దాహం ముందు అర్థమవుతాయి. యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో యేసు సమరయలోని సుఖారు అనే ఊరి దగ్గర యాకోబు బావి వద్ద కూర్చుంటాడు. ఎందుకు కూర్చున్నాడో వాక్యమే చెబుతుంది: ప్రయాణం వల్ల అలసిపోయాడు. అది మిట్టమధ్యాహ్నం, శిష్యులు ఆహారం కొనడానికి ఊళ్లోకి వెళ్లారు, ఆయన దగ్గర నీళ్లు తోడుకొనే చేద కూడా లేదు. నీళ్ల కోసం వచ్చిన ఒక స్త్రీని దాహానికి ఇమ్మని అడిగాడు. ఈ కథను సాధారణంగా జీవజలం గురించిన సంభాషణ కోసం చెబుతాం. ఈసారి ఆ సంభాషణ మొదలుకాక ముందే ఆగిపోండి. కాళ్లు లాగేంత దూరం నడిచినప్పుడు ఎలా ఉంటుందో పిల్లల్నే చెప్పనివ్వండి. తరువాత ఒక్క ప్రశ్న వేయండి: సముద్రాన్ని చేసినవాడు నీళ్లు కావాలని ఇంకొకరిని ఎందుకు అడిగాడు? జవాబు మీరు చెప్పకండి. వాళ్ల మాటలు ఎక్కడెక్కడికో పోయినా వినండి. కొంతసేపటికి ఎవరో ఒకరు "ఆయనకు నిజంగా దాహం వేసింది" అంటారు. అది మీరు చెప్పడం కంటే వాళ్లలో ఒకరు చెప్పడమే ఎక్కువ నిలుస్తుంది.

తుఫాను కథను కూడా ఇలాగే చెప్పవచ్చు. మార్కు ఒక చిన్న వివరాన్ని రాశాడు: ఆయన దోనె వెనుక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. అలలు దోనె మీద పడి నీళ్లు నిండుతున్నా మెలకువ రాలేదంటే, రోజంతా జనానికి బోధించి ఎంత అలసిపోయి ఉంటాడో పిల్లలు ఊహించగలరు. కొన్ని క్షణాల తరువాత గాలిని గద్దించబోయేవాడే ఇప్పుడు కళ్లు తెరవలేనంత నిద్రలో ఉన్నాడు. ఆయన దేవుడా, మనిషా అన్న ప్రశ్నకు పిల్లలకు చూపగలిగిన జవాబుల్లో నాకు తెలిసినంతవరకు దీన్ని మించినది లేదు, ఎందుకంటే రెండూ ఒకే దోనెలో, ఒకే రాత్రి, ఒకే వ్యక్తిలో కనబడతాయి.

ఆయన బాల్యానికి కనీసం ఒక వారం కేటాయించండి. పిల్లలకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది ఇదే అయినా, మనం క్రిస్మస్ పశువుల తొట్టి నుండి నేరుగా యొర్దాను నది దగ్గర బాప్తిస్మానికి దూకుతాం. లూకా లెక్క ప్రకారం బోధ మొదలుపెట్టేనాటికి ఆయనకు దాదాపు 30 ఏళ్లు. అంటే ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఇంట్లోనూ, పనిలోనూ, నజరేతు వీధుల్లోనూ గడిచింది. పొత్తిగుడ్డలలో చుట్టిన శిశువు, తనంతట తాను కదలలేని శిశువు. నలభై రోజులకు దేవాలయంలో ప్రతిష్ఠించినప్పుడు మరియ యోసేపులు అర్పించినది గువ్వల జతో, పావురపు పిల్లలో. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివారికి లేవీయకాండం అనుమతించిన అర్పణ అది. హేరోదు చంపజూస్తే రాత్రికి రాత్రే ఐగుప్తుకు పారిపోయిన కుటుంబం అది. ఊరు విడిచి రావలసిన పిల్లలు మీ తరగతిలో ఉంటే, ఈ ఒక్క సంగతిని వాళ్లు ఎంత శ్రద్ధగా వింటారో మీరే చూస్తారు.

ఆయన మాటలు నేర్చుకున్నాడు, నడక నేర్చుకున్నాడు అని చెప్పడానికి కొందరు ఉపాధ్యాయులు జంకుతారు. జంకవలసిన పని లేదు. యేసు జ్ఞానమందును, వయస్సునందును వర్ధిల్లుచుండెనని లూకా స్పష్టంగా రాశాడు. పెరగడమంటే నిన్న రానిది ఇవాళ రావడమే. బాలయేసు మట్టితో పిచ్చుకలు చేసి ఎగరేశాడని, తనను నెట్టిన పిల్లవాడు చనిపోయాడని చెప్పే కథలు చాలా పాతకాలం నుండి ఉన్నాయి. అవి బైబిలులోనివి కావు. కానాలో నీళ్లను ద్రాక్షారసంగా మార్చడమే ఆయన సూచక క్రియలకు, అంటే అద్భుతాలకు, మొదలని యోహాను రాశాడు గనుక, బాల్యంలో అద్భుతాలు చేశాడని చెప్పే కథకు అక్కడ చోటు లేదు. పైగా ఆయన తన ఊరి సమాజమందిరంలో బోధించినప్పుడు ఊరివారు ఆశ్చర్యపడి, ఇతడు వడ్లవాడు (వడ్రంగి) కాడా, మరియ కుమారుడు కాడా అని అభ్యంతరపడ్డారు. మట్టిపిచ్చుకలను ఎగరేసిన పిల్లవాడిని ఎరిగిన ఊరైతే అలా ఆశ్చర్యపడదు. వాళ్ల కళ్లముందు పెరిగినది మామూలు పిల్లవాడు. ఈ తర్కం తొమ్మిదేళ్ల పిల్లలకు బాగా నచ్చుతుంది. తామే గూఢచారులై రహస్యాన్ని ఛేదించినట్టు సంతోషపడతారు.

పన్నెండేళ్ల వయసులో పస్కా పండుగకు యెరూషలేముకు వెళ్లి దేవాలయంలో ఉండిపోయిన ఘట్టాన్ని, బోధకుల మధ్య ఆయన చూపిన తెలివితేటల కథగా మాత్రమే చెప్పకండి. తల్లిదండ్రులు మూడు రోజుల తరువాత కనుగొన్నారు, తల్లి బాధతో అడిగింది, ఆయన చెప్పిన మాట వారికి అర్థం కాలేదు. ఇంట్లోవాళ్లకు మన మనసు అర్థం కాకపోవడం అంటే ఏమిటో ఆయనకు ఆ వయసులోనే తెలుసు. తరువాత వాక్యం ఆయన వారితో నజరేతుకు వచ్చి వారికి లోబడి ఉన్నాడని చెబుతుంది. "చూశారా, అమ్మానాన్నల మాట వినాలి" అని అక్కడ నీతి చెప్పి ముగించాలని అనిపిస్తుంది. ఆ కోరికను ఆపుకోండి, లేకపోతే అర్థంకాకపోవడం అన్న ముఖ్య విషయం పిల్లల చెవుల నుండి జారిపోతుంది. పెద్దయ్యాక కూడా ఆయన ఇంటివారు ఆయనకు మతి చలించిందనుకొని పట్టుకుపోవడానికి వచ్చారని మార్కు మూడవ అధ్యాయంలోనూ, ఆయన సహోదరులైనా ఆయనను నమ్మలేదని యోహాను ఏడవ అధ్యాయంలోనూ ఉంది. వీటిని పదేళ్లు పైబడినవారికి ఉంచండి.

మనసులోని బాధకు వచ్చేసరికి లాజరు మరణమే మొదటి పాఠం కావాలి. యేసు కన్నీళ్లు విడిచెను అన్న వాక్యం చిన్నది కావడంతో పిల్లలందరూ కంఠస్థం చేసేస్తారు, ఆలోచించేవారు తక్కువ. ఆయన లాజరు ఊరైన బేతనియ చేరేసరికి లాజరు సమాధిలో ఉండి నాలుగు రోజులైంది. తాను అతణ్ణి లేపబోతున్నానని ఆయనకు తెలుసు. బయలుదేరకముందే శిష్యులతో చెప్పాడు, దారిలో లాజరు సహోదరి మార్తతోనూ చెప్పాడు. అయినా లాజరు మరో సహోదరి మరియ ఏడవడం, ఆమెతో వచ్చినవారు ఏడవడం చూసి ఆయన ఏడ్చాడు. కాసేపట్లో అంతా బాగవుతుందని తెలిసినవాడు ఎందుకు ఏడ్చాడని పిల్లల్ని అడగండి. ఈ ప్రశ్నకు పిల్లలు ఇచ్చే జవాబులు పెద్దల ప్రసంగాల కంటే మెరుగ్గా ఉండడం నేను చాలాసార్లు విన్నాను. మీ వైపు నుండి చెప్పవలసింది ఒక్కటే ఉంది: అమ్మమ్మో తాతయ్యో చనిపోయినప్పుడు "ఏడవకు, వాళ్లు పరలోకంలో ఉన్నారు" అని పెద్దలు అంటారు, కాని తిరిగి లేస్తాడని తెలిసిన యేసు కూడా ఏడవకుండా ఉండలేదు. నమ్మకం ఉన్నవారు ఏడవకూడదన్న నియమం ఆయన పెట్టలేదు.

కోపాన్ని వదిలేయవద్దు. పిల్లలు ఎక్కువగా సిగ్గుపడేది దాని గురించే. విశ్రాంతి దినాన ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ణి బాగుచేస్తాడేమోనని కనిపెడుతూ తప్పు పట్టాలని చూసినవారి కఠిన హృదయానికి ఆయన దుఃఖపడి కోపంతో వారివైపు చూశాడని మార్కు రాశాడు. శిష్యులు చిన్నపిల్లల్ని తన దగ్గరకు రానీయనప్పుడు కూడా ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపం పిల్లల తరఫున వచ్చిందని తెలిస్తే తరగతిలో ముఖాలు వికసిస్తాయి. కోపంతో ఆయన ఏం చేశాడో కూడా చూపించండి: ఒకచోట చెయ్యి బాగుచేశాడు, ఇంకొకచోట పిల్లల్ని ఎత్తి కౌగిలించుకున్నాడు. సంతోషానికీ ఆశ్చర్యానికీ కూడా చోటు ఇవ్వండి. శతాధిపతి విశ్వాసానికి ఆయన ఆశ్చర్యపోయాడు, డెబ్బదిమంది శిష్యులు తిరిగి వచ్చినప్పుడు బహుగా ఆనందించాడు. ఎప్పుడూ బాధలే చెబితే, మనిషిగా ఉండడమంటే బాధపడడమేనని పిల్లలు అనుకుంటారు.

సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే తోట ఈ బోధకు కేంద్రం. ఎనిమిదేళ్ల పిల్లలకు దీన్ని చెప్పవచ్చు, కాని నెమ్మదిగా. రక్తబిందువుల వంటి చెమట గురించి లూకా రాసినదాన్ని విస్తరించి భయపెట్టకండి. చెప్పవలసినవి వేరే ఉన్నాయి. ఆయన ఒంటరిగా ఉండాలనుకోలేదు. పేతురును, జెబెదయి కుమారులిద్దరిని వెంట తీసుకువెళ్లి, మీరు ఇక్కడ నాతో మెలకువగా ఉండండి అని అడిగాడు. మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉన్నానని వారితో దాచకుండా చెప్పాడు. మూడుసార్లు వచ్చి చూస్తే మూడుసార్లూ వాళ్లు నిద్రపోతున్నారు. అవసరమైన రాత్రి స్నేహితులు తోడు లేకపోవడం ఏమిటో ఏ పిల్లవాడికైనా తెలుసు. ఆయన ప్రార్థనలో, ఈ గిన్నె (రాబోయే శ్రమ) నా దగ్గర నుండి తొలగించు అని అడిగాడు, అంటే తనకు వద్దు అని తండ్రితో చెప్పాడు. తరువాతే నా ఇష్టం కాదు, నీ ఇష్టమే అన్నాడు. మనం పిల్లలకు రెండో సగాన్నే నేర్పి, మొదటి సగం అవిధేయత అన్నట్టు వాళ్ల మనసులో నాటుతున్నాం. "నాకు భయంగా ఉంది, ఇది నాకు వద్దు" అని దేవునితో చెప్పడం ప్రార్థనే అని గెత్సేమనే ఆధారంగా ధైర్యంగా చెప్పండి. హెబ్రీ పత్రిక ఆ రాత్రి వంటి సందర్భాలనే గుర్తుచేస్తూ, ఆయన మహా రోదనంతోను కన్నీళ్లతోను ప్రార్థనలు సమర్పించాడని అంటుంది.

తరువాత పాపం లేకపోవడం గురించిన ప్రశ్న వస్తుంది. "యేసు చిన్నప్పుడు అబద్ధమాడాడా? తమ్ముళ్లను కొట్టాడా?" అని అడుగుతారు, లేదని చెప్పగానే "అయితే నా సంగతి ఆయనకేం తెలుసు?" అని తిరగబడతారు. సమస్త విషయాలలోను మనవలెనే శోధింపబడినా పాపం లేనివాడుగా ఉన్నాడని హెబ్రీ నాలుగవ అధ్యాయం చెప్పే వాక్యంలో రెండు సగాలూ కావాలి. తప్పు చేయాలనే ఒత్తిడికి మొదట్లోనే లొంగిపోయినవాడికి ఆ ఒత్తిడి మొత్తం ఎంతో తెలియదు. చివరిదాకా లొంగకుండా నిలిచినవాడికే దాని పూర్తి బరువు తెలుస్తుంది. ఇది పెద్ద పిల్లలకు వివరించి చెప్పవచ్చు. చిన్నవారికి అరణ్యంలోని శోధనలలో మొదటిది చాలు: 40 రోజులు తినలేదు, ఆకలిగా ఉంది, రాళ్లను రొట్టెలుగా మార్చుకోగల శక్తి ఉంది, అయినా మార్చుకోలేదు. ఆకలిని సులువుగా తప్పించుకొనే దారి ఉండికూడా ఆకలితోనే నిలబడ్డాడు. తన శక్తిని తన కష్టం నుండి తప్పించుకోవడానికి వాడుకోకపోవడం ఆయన జీవితమంతా కనబడుతుంది. ఐదు వేలమందికి రొట్టెలు పంచినవాడు తనకోసం ఒక్క రాయినీ రొట్టెగా మార్చుకోలేదని చెబితే పిల్లలు ఆ రెండు కథలనూ కలిపి చూడగలుగుతారు.

అతిగా చెప్పకుండా జాగ్రత్తపడాలి. యేసు ఆడపిల్ల కాదు, ముసలివాడు కాలేదు, పరీక్షలో తప్పలేదు. మీకు కలిగిన ప్రతి అనుభవమూ ఆయనకు అచ్చంగా కలిగిందని చెబితే తెలివైన పిల్లలు వెంటనే ఒక మినహాయింపు పట్టుకుంటారు, దాంతో మిగతా మాట మీద కూడా నమ్మకం పోతుంది. ఆయనకు జ్వరం వచ్చిందా అంటే సువార్తలలో ఆ సంగతి లేదు, రాయలేదని చెప్పండి. యోసేపు పన్నెండేళ్ల ఘట్టం తరువాత కథలో కనబడడు. సిలువ మీద యేసు తల్లిని శిష్యునికి అప్పగించాడు. దీన్నిబట్టి ఆయన తండ్రిలేని బాలుడిగా పెరిగాడని కథ కల్పించకండి. ఆయనకు తెలిసినవి భయం, ఒంటరితనం, అవమానం, ఆకలి, నొప్పి, ప్రియమైనవారి మరణం, స్నేహితుడు ముద్దుపెట్టి అప్పగించడం, మరో స్నేహితుడు తనను ఎరుగనని మూడుసార్లు బొంకడం. పిల్లల కష్టాలు ఏ రూపంలో వచ్చినా వీటిలో ఏదో ఒకటి వాటి లోపల ఉంటుంది, అది చూపిస్తే సరిపోతుంది.

ఈ బోధను పిల్లల నోరు మూయించడానికి వాడేవారున్నారు; అది నాకు ఎప్పుడూ కోపం తెప్పించే విషయం. "యేసయ్య సిలువ మీద ఎంత బాధపడ్డాడో తెలుసా, నీది ఒక బాధేనా?" అన్న మాట పిల్లవాడికి ఆయన్ని దగ్గర చేయదు, ఆయనతో పోటీకి నిలబెడుతుంది. దాహంగా ఉందని సిలువ మీద గట్టిగా చెప్పినవాడు, నా దేవా, నన్నెందుకు విడిచితివని కేక వేసినవాడు, పిల్లల్ని మౌనంగా భరించమని చెప్పడు. మరీ ముఖ్యంగా, ఎవరైనా తనను కొడుతున్నారనో, తాకకూడని విధంగా తాకుతున్నారనో ఒక బిడ్డ చెబితే, యేసుకు నీ బాధ తెలుసని చెప్పి పంపేయడం ఘోరమైన తప్పు. వెంటనే బాధ్యతగల పెద్దలకు, అవసరమైతే పిల్లల రక్షణ చూసే అధికారులకు తెలియజేయడం మీ పని. యేసుకు మన బాధ తెలుసన్న మాట సహాయం చేయడానికి కారణం కావాలి, చేయకపోవడానికి సాకు కాకూడదు.

ప్రార్థనను కూడా దీనికి తగినట్టు మార్చుకోండి. "ప్రభువా, అందరినీ దీవించు" అని ముగించే ప్రార్థనతో ఈ పాఠాలు కలవవు. కృపాసనం దగ్గరకు ధైర్యంతో రమ్మని హెబ్రీ పత్రిక పిలిచేది, మన బలహీనతలు ఎరిగిన ప్రధానయాజకుడుగా యేసు ఉన్నాడని చెప్పిన వెంటనే. అందుచేత పాఠంలో విన్న సంగతితో మొదలుపెట్టమనండి: "యేసయ్యా, నీ స్నేహితులు నిద్రపోయినప్పుడు నువ్వు ఒంటరిగా ఉన్నావు, ఇవాళ బడిలో నాతో ఎవరూ ఆడలేదు." బయటకు చెప్పడానికి ఇష్టపడని పిల్లల్ని బలవంతం చేయకండి, కాగితం మీద రాసుకొని మడిచి తమ దగ్గరే ఉంచుకోనివ్వండి. అడిగినది వెంటనే జరుగుతుందని మాట ఇవ్వవద్దు. గెత్సేమనేలో గిన్నె తొలగిపోలేదు, ఆయనను బలపరచడానికి ఒక దూత వచ్చాడు. ఆ రెండూ పిల్లలకు చెప్పండి.

ఈ వరుసలో చివరి పాఠం పునరుత్థానం గురించి ఉండాలని నేను పట్టుబడతాను. పెద్ద పిల్లల్లో కూడా చాలామంది, యేసు 33 ఏళ్ల పాటు మనిషిగా ఉండి, తిరిగి లేచాక ఆ మనిషితనాన్ని వదిలేసి పరలోకానికి వెళ్లిపోయాడని అనుకుంటారు. అలాగైతే ఆయన అర్థం చేసుకోవడం ఒక పాత జ్ఞాపకంగా మిగులుతుంది. లూకా 24వ అధ్యాయంలో శిష్యులు భూతాన్ని చూస్తున్నామని భయపడితే, ఆయన చేతులు పాదాలు చూపించి, నన్ను పట్టి చూడండి, నాకున్నట్టు భూతానికి మాంసం ఎముకలు ఉండవు అన్నాడు. అప్పటికీ నమ్మలేకపోతే తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్కను వారి ఎదుట తిన్నాడు. తోమాకు చూపించిన చేతుల్లో మేకుల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆ తరువాత చాలా ఏళ్లకు పౌలు తిమోతికి రాసినప్పుడు కూడా దేవునికి మనకు మధ్యవర్తి అయినవాణ్ణి క్రీస్తుయేసను నరుడు అనే పిలిచాడు. ఈ పాఠం చెప్పినప్పుడు "అయితే ఆయనకు ఇప్పుడు కూడా ఆకలి వేస్తుందా?" అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. మృతులలోనుండి లేచిన క్రీస్తు ఇకను చనిపోడని రోమా పత్రికలో ఉంది గనుక, ఆ బాధలు ఆయనను ఇప్పుడు పట్టవని చెప్పండి. అయితే ఆ బాధలు పడినవాడు ఈయనే, వేరొకడు కాడు, మన కోసం తండ్రితో విజ్ఞాపన చేయడానికి సదా జీవిస్తున్నాడని హెబ్రీ ఏడవ అధ్యాయం చెప్పేది ఈయన గురించే అని చెప్పి, ఆ వాక్యాన్ని వాళ్ల చేతే చదివించండి.